సదరు సొమ్మునే

పని పేరు ఒకటి, పని ఒకటి

బోర్డు మీద నా పని పేరు "డాక్యుమెంట్ రైటర్, జాబ్ టైపింగ్". అసలు పని అది కాదు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు నమ్మడం లేదన్న సంగతిని మర్యాదగా, కార్బన్ కాపీతో సహా టైపు చేసి ఇవ్వడం నా పని. మొదట ఖమ్మంలో మా గురువుగారి బల్ల దగ్గర, తర్వాత ములకలపల్లి మండలాఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద నా సొంత బల్ల దగ్గర, కళ్లజోడు రెండుసార్లు మందమయ్యేదాకా ఇదే చేశాను. ఇప్పుడు టైపు మిషన్ అటకెక్కింది. నేను కింద కూర్చున్నాను.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు ఇదే పనిలోకి వచ్చింది. దాని దగ్గర కంప్యూటరుంది, ప్రింటరుంది, పెళ్లిపత్రికలకు వాడే వంకర అక్షరాలు కూడా ఉన్నాయి. "పెద్దమ్మా, కిరాయి అగ్రిమెంటు మోడల్ ఒకటుంటే ఇయ్యవా? పేర్లు మార్చుకొని కొట్టిస్త" అంది. పేర్లు మార్చుకుని కొట్టడమే నేనూ చేశాను. అందులో నేను తిన్న మొట్టికాయ ఏమిటో తెలుసుకుంటే మోడల్ ఇస్తానన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. నాకెన్ని సర్టిఫికెట్లు వచ్చాయో, లైసెన్సు కోసం ఎన్నిసార్లు తిరిగానో ఇందులో ఉండదు. వాటికంటే ఆవలింతలు నయం.

అమ్మకాలు, అన్నదమ్ముల పంపకాలు ఎప్పుడో ఒకటి వస్తాయి. కిరాయి కాయితాలు మాత్రం ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. అడవి వైపు అయితే మరీనూ. అక్కడ బయటివాళ్లు జాగా కొనకూడదని చట్టం. కాబట్టి ఉద్యోగానికి వచ్చిన పంతులు, నర్సు, గార్డు, గుమాస్తా, అందరూ కిరాయిదార్లే. కిరాయి అన్నాక అడ్వాన్సు, అడ్వాన్సు అన్నాక అనుమానం తప్పవు. ఇంటి ఓనర్లు కొందరుండేవారు, గోడకు మేకు కొడితే తమ వీపులో దిగినట్టు మూలిగేవారు. ఖాళీ చేసే రోజున మేకుల బెజ్జాలు వేలు పెట్టి వెతికి, ఒక్కో బెజ్జానికి ఇంతని అడ్వాన్సులో కోసేవారు. కిరాయిదార్లేమీ తక్కువ తినలేదు. పోతూ పోతూ బల్బు హోల్డర్లు విప్పుకుపోయినవాళ్లను నేను చూశాను.

గురువుగారి సదరు

మా గురువుగారు ఖమ్మంలో పేరున్న మనిషి. తెల్ల పంచె, నశ్యం మరకల తుండు, ఎవరినైనా "ఏమోయ్" అనే గొంతు. పనిలో చేరిన మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి అసలు రహస్యం చెప్పాడు.

"అమ్మాయ్, మనకు పేజీ లెక్కన ఇస్తరు. విషయం నాలుగు లైన్లుంటది. మిగతా పేజీ నింపేటోడు ఎవడు?"

"ఎవరండీ?"

"సదరు."

సదరు అంటే ఇంతకుముందు చెప్పిన మనిషి, ఇంతకుముందు చెప్పిన వస్తువు అని. "అతను" అంటే సరిపోయే చోట "సదరు కిరాయిదారుడు" అంటాం. "అది" అంటే సరిపోయే చోట "సదరు ఇల్లు, సదరు గోడలు, సదరు తలుపులు సహా" అంటాం. గురువుగారి చేతిలో మూడు వాక్యాల ఒప్పందం మూడు పేజీలయ్యేది. పార్టీలకు కూడా అదే ఇష్టం. అర్థమైతే విలువ తగ్గుతుందనుకునేవారు. గురువుగారు గట్టిగా చదువుతుంటే, హారతి ఇస్తున్నట్టు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఒక్కరంటే ఒక్కరు అడ్డుపడి "ఇదేంది?" అని అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఆయన నాకు స్పెల్లింగులు నేర్పాడు, మార్జిన్లు నేర్పాడు, పార్టీ మొహం చూసి ఫీజు చెప్పడం నేర్పాడు. ఎదుటి మనిషికి అర్థమైందో లేదో అడగాలని మాత్రం నేర్పలేదు. ఆయనకూ ఎవరూ నేర్పి ఉండరు. నశ్యం ఖర్చు తప్ప ఆ మనిషికి ఇంకో చెడు అలవాటు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఒక కాయితం, ఇద్దరు గెలిచినవాళ్లు

గురువుగారి దగ్గరుండగా ఒకరోజు వైరా నుంచి ఇద్దరు వచ్చారు. ఇంటాయన, ఇంట్లో కిరాయికున్న మోటారు మెకానిక్. ఇద్దరి చేతుల్లో ఒకే కాయితం కాపీలు, మేం రాసిందే. అందులో "అడ్వాన్సు" అని ఒక్క మాట ఉంది.

మెకానిక్ నాలుగు నెలలుగా కిరాయి కట్టడం లేదు. "అడ్వాన్సంటే ముందుగాల ఇచ్చిన కిరాయే గదా. అండ్ల పట్టుకోమను" అన్నాడు. ఇంటాయన ఎగిరిపడ్డాడు. "అడ్వాన్సంటే పోయేనాడు చేతికిచ్చేది. అప్పటిదాంక కిరాయి కిరాయే! ఏందిది, నా ఇంట్ల ఉత్తగ ఉంటడా?"

తెలుగునాట అడ్వాన్సు అనే మాటకు ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. ఇచ్చేవాడు ఒకటి అనుకుంటాడు, పుచ్చుకునేవాడు ఇంకోటి అనుకుంటాడు, రాసేవాడు ఏమీ అనుకోడు. గురువుగారు ఇంటాయనను పక్కకు తీసుకుపోయి "న్యాయం నీ దిక్కే ఉన్నది" అన్నాడు. మెకానిక్‌ను ఇంకో పక్కకు తీసుకుపోయి "న్యాయం నీ దిక్కే ఉన్నది" అన్నాడు. తర్వాత ఇద్దరి దగ్గరా ఫీజు తీసుకుని కొత్త కాయితం రాశాడు. ఆయన అబద్ధమాడలేదు, కాయితం నిజంగానే ఇద్దరి వైపూ ఉంది.

నాకు మాత్రం సిగ్గనిపించింది. ఆ రోజే అనుకున్నాను, నా సొంత బల్ల పెట్టాక అడ్వాన్సు అని ఊరికే వదిలెయ్యకూడదని, కిరాయిలో పట్టుకునేదా వాపసు ఇచ్చేదా తేల్చి రాయాలని. పెట్టాను, రాశాను. గురువుగారి పాత మోడళ్లలోంచి బరువైన లైను ఒకటి ఏరుకుని దానికి తగిలించాను. ఆ లైను ఇదీ: "అడ్వాన్సుగా పుచ్చుకొన్న సొమ్ము నా వద్ద భద్రముగా ఉంచుకొని, సదరు కిరాయిదారు సదరు ఇల్లు ఖాళీ చేయు దినమున సదరు సొమ్మునే వాపసు ఇచ్చువాడను."

"సొమ్మును" అని ఆపొచ్చు. "సొమ్మునే" అంటే గంట కొట్టినట్టు ఉంటుంది కదా, అందుకని ఆ "నే" ఉంచాను. ఎంత మురిసిపోయానో చెబితే ఇప్పుడు మీరు నవ్వుతారు.

స్లాబు ఇల్లు

మా ఆయనకు పాల్వంచ బదిలీ అయ్యాక నేను రోజూ బస్సులో ములకలపల్లి పోయి వచ్చేదాన్ని. కంప్యూటర్లు ఇంకా అటువైపు రాలేదు. నన్నందరూ "టైపు మేడం" అనేవారు.

ఒక ఎండాకాలం చివర్లో బోనకల్ వైపు నుంచి బడిపంతులుగా కొత్తగా పోస్టింగైన రవీందర్ సారు, ఆయన వెంట ముత్తమ్మ అనే కోయ ముసలామె నా బల్ల దగ్గరికి వచ్చారు. ముత్తమ్మకు సర్కారు స్లాబు ఇల్లు కట్టించి ఇచ్చింది. ఆమె, ఆమె కోడలు, మనవరాలు మాత్రం పక్కనే తమ పాత గుడిసెలో ఉండేవారు.

"ఇల్లుండంగ గుడిసెల ఎందుకవ్వా?" అని అడిగాను.

"ఆ స్లాబుల ఉడికిపోతం బిడ్డా. మీ అసుంటోళ్లైతే ఉంటరు" అంది.

కిరాయి ఇద్దరికీ కుదిరింది. అడ్వాన్సు దగ్గరే ముత్తమ్మకు బుర్రకెక్కలేదు. "ఉండకముందుగాలనే పైసలెందుకు? ఉన్నంక ఇస్తే గాదా?" అంది. సారు ఒప్పుకోలేదు. ఆయన మామగారు గట్టిగా చెప్పి పంపించారట.

"అలా కాదండి మేడం. రేపెవరో వంద ఎక్కువిస్తానంటే నన్ను సామానుతో సహా రోడ్డు మీద పెడితే ఏంటి పరిస్థితి? అడ్వాన్సు తీసుకుంటే ఆవిడక్కూడా కాస్త కట్టుబాటు ఉంటుంది కదండీ."

ఓనరు వద్దంటే కిరాయిదారు బలవంతంగా అడ్వాన్సు ఇచ్చిన ఒప్పందం నా అనుభవంలో అదొక్కటే. మూడు వేలు, అన్నీ వంద నోట్లు. నేను మామూలు కాయితం బిగించాను. గురువుగారి మోడలంతా మగవాళ్ల కోసం రాసింది కాబట్టి "ఇచ్చువాడను" తీసేసి "ఇచ్చుదానను" అని కొట్టాను. అంత జాగ్రత్తపరురాలిని!

చదివి వినిపించాను. ముత్తమ్మ చేతులు కట్టుకోలేదు. ముందుకు వంగి, చెవి ఒగ్గి వింది.

"ఆకర్ది ఇంకోపాలి సదువు" అంది. చదివాను.

"గంటే ఈ పైసలు నా తాననే ఉండాలె?"

"అవ్."

"సారు పోయేనాడు ఈటినే ఇయ్యాలె?"

"అవ్ అవ్వా."

"సదరు అంటే ఎవలు?"

బల్ల ముందు ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. నాలుగింటి బస్సు పోతే మళ్లీ ఆరింటిదాకా లేదు. "అది రాతల మాటలే అవ్వా, వేలు పెట్టు జల్దీ" అన్నాను. ఆమె వేలిముద్ర వేసింది. నోట్లు కొంగున ముడేసుకుని, ముడి మీద అరచెయ్యి పెట్టుకునే నడుచుకుంటూ వెళ్లిపోయింది. డబ్బు చూసిన సంబరం అనుకుని సారూ నేనూ మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం.

ఎడ్ల కాయితం

మరుసటి ఏడాది వానాకాలంలో ముత్తమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి వెంట కిరాణా షావుకారు ఉన్నాడు. మాట్లాడిందంతా అతనే.

"ముసల్దాని మనవరాలికి మలేరియా, తలకెక్కిందంట మేడం. భద్రాచలం దవాఖానాల ఉన్నది. రెండువేల ఐదొందలు ఇస్తున్న. ఎడ్లను గిర్వీ పెడుతున్నది. మామూలుగ రాయి."

గిర్వీ అంటే తాకట్టు. అప్పు తీరేదాకా ఎడ్లు షావుకారు కొట్టంలో ఉంటాయి. వడ్డీ బదులు వాటితో అతను పని చేయించుకుంటాడు. గిరిజన ఏజెన్సీలో అలాంటి కాయితం చట్టం ముందు నిలవదని షావుకారుకు తెలుసు, నాకూ తెలుసు. అయినా రాశాను. నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారని నాకు నేను చెప్పుకున్నాను. ఈ పనిలో ఎన్ని పాపాలకైనా ఆ ఒక్క మాట సరిపోతుంది, రాసి పెట్టుకోండి.

గురువుగారి లైనే అందులోనూ పడింది: "సదరు ఎడ్లను భద్రముగా ఉంచుకొని, బాకీ తీర్చిన దినమున సదరు ఎడ్లనే వాపసు ఇచ్చువాడను." ముత్తమ్మ కళ్లు గుంటలు పడి ఉన్నాయి. చివరి లైను మాత్రం ఇంకోసారి చదివించుకుని వేలిముద్ర వేసింది. ఎన్ని వానల్లో తడిచి వచ్చిందో, ఆ వేలి తడికి ఇంకు కాస్త పాకింది.

ఆ రోజు నేను ఒక్క ప్రశ్న అడగాల్సింది. "అవ్వా, నీ దగ్గర మూడు వేలు ఉండాలె గదా, అవేమైనయి?" అని. ఆ కాయితం కూడా నేనే రాశాను కదా! అడగలేదు. అడ్వాన్సు తీసుకున్న ఓనరు దాన్ని ఆ వారంలోనే ఖర్చు పెట్టేస్తాడని నాకు ఖాయం. నేను చూసిన ఓనర్లందరూ అంతే. ఫీజు తీసుకున్నాను, నాలుగింటి బస్సెక్కాను.

వెదురు గొట్టం

తర్వాతి ఎండాకాలంలో రవీందర్ సారుకు బదిలీ అయింది. నా బల్ల దగ్గరికి వచ్చి గొణిగాడు.

"అడ్వాన్సు సంగతేంటండీ మేడం? ఆవిడ దగ్గర ఎక్కడుంటాయి, ఎప్పుడో అయిపోయుంటాయి. అక్కడ కొత్తింటికి నేను మళ్లీ అడ్వాన్సు కట్టాలి. మీరొకసారి వచ్చి మాట్లాడండి, మీ మాటైతే వింటుంది."

బయలుదేరాను. ఎలా బెదిరించాలో, ఎన్ని వాయిదాలకు ఒప్పించాలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. బీడీలకు తునికాకు కోసే సీజను కదా, ఆకు డబ్బులు వచ్చాక నెలకింత అని చెబుదామనుకున్నాను. పోయేసరికి సామాను లారీ స్లాబు ఇంటి ముందు నిలబడి ఉంది. సారు భార్య గిన్నెల మూట కడుతోంది. ముత్తమ్మ మమ్మల్ని చూసి ఒక్క మాటైనా మాట్లాడకుండా గుడిసెలోకి వెళ్లింది. "దాక్కుందా ఏంటి?" అన్నాడు సారు నాతో, మెల్లగా.

బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో వెదురు గొట్టం ఉంది. పొయ్యి మీది దూలంలో చెక్కినట్టుంది, పొగకు నల్లబడింది. మూతికున్న గుడ్డ పీకి, లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు చుట్ట లాగి సారు చేతిలో పెట్టింది.

"సూస్కో సారూ. ఈటినే ఇచ్చినవ్."

సారు విప్పాడు. వంద నోట్లు. ఆయన భార్య పైనోటు చూసి గిన్నె కింద పెట్టేసింది. నోటు మీద పెన్నుతో ఫోను నంబరు రాసి ఉంది.

"ఏవండీ, ఇది మా తమ్ముడి నంబరు! నా రాతే! అప్పట్లో ఈ నోటు కోసం ఇల్లంతా వెతికాను కదండీ!"

మేం ముగ్గురం పగలబడి నవ్వాం. ముత్తమ్మ కూడా నవ్వింది, ఒప్పజెప్పేశానన్న నవ్వు. నవ్వుతూనే నేను గుడిసె పక్కకు చూశాను. కొట్టం ఖాళీగా ఉంది. పలుపుతాడు గుంజకు వేలాడుతోంది. 

"అవ్వా, ఎడ్లేయి?"

"షావుకారి తాననే ఉన్నయి గదా. నువ్వే రాసినవ్."

"నిరుడు పిల్లకు పాణం బాగలేనప్పుడు ఈ పైసలు నీ తాననే ఉన్నయా?"

"అవ్. గీ గొట్టంలనే ఉన్నయి."

"మరి ఎడ్లను ఎందుకు పెట్టినవే తల్లీ! ఇవి వాడుకోకపోతివా?"

ముత్తమ్మ నన్ను వింతగా చూసింది. వేళాకోళమాడుతున్నానేమో అనుకుంది.

"నావి గాదు గదా బిడ్డా. సదరు సొమ్ము. నువ్వు రెండుపాల్లు సదివినవ్. సదరు సొమ్మునే ఇయ్యాలె అన్నవ్. సదరు అంటే ఎవలో పెద్దసారు అనుకున్న. గాయన పైసలు నేనెట్ల ముడుత?"

 లారీ డ్రైవరు బీడీ నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. సారు మొహం పాలిపోయింది. ఆయన నోట్లను తిరిగి ఆమె చేతిలో పెట్టబోతే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు సారూ, నాకు సుట్టుకుంటది" అంది.

ఆకు కోసి, ఇప్పపువ్వు ఏరి, మనవరాలిని బతికించుకున్న అప్పు కోసం ఆమె ఏడాదిగా కూడబెట్టింది సగం కూడా కాలేదు. రోహిణి ఎండలు దాటిపోతున్నాయి, తొలకరి ఇవాళో రేపో. ఎడ్లు లేకపోతే దుక్కి లేదు. దుక్కి లేకపోతే ఆ ముగ్గురికీ ఏడాది తిండి లేదు. ఆ ఎడ్లను ఆ ఇంటినుంచి తోలుకుపోయింది షావుకారు కాదు, నా "నే". ఆ నిమిషాన గురువుగారు ఎదురుగా ఉంటే ఆయన నశ్యం డబ్బీ ఆయన మొహానే కొట్టేదాన్ని. తర్వాత నన్ను నేనూ కొట్టుకునేదాన్ని.

నా సొంత కాయితం

రేకుల షెడ్డు కింద వానాకాలమంతా నా మిషన్ తడిసేది. గది కోసం ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను. స్లాబు ఇల్లు ఎదురుగా ఖాళీ అవుతోంది.

"అవ్వా, ఈ ఇల్లు నాకు కిరాయికి ఇస్తవా? నా మిషన్ పెట్టుకుంట."

"ఉడికిపోతవ్ బిడ్డా."

"ఉడకనియ్యి."

ముప్పయ్యేళ్లు ఊళ్లోవాళ్లందరి కిరాయి కాయితాలూ రాసిన నేను, నా కోసం రాసుకున్న మొదటి కాయితం అది. మిషన్ కూడా లేదు, చేత్తో రాశాను. స్టాంపు లేదు, సదరు లేదు. "సుగుణ ముత్తమ్మకు మూడు వేలు అడ్వాన్సు ఇచ్చింది. ఈ పైసలు ఇప్పుడు ముత్తమ్మవి. ఏ అవసరానికైనా ఖర్చు పెట్టుకోవచ్చు. కిరాయి వేరే. సుగుణ ఖాళీ చేసేనాడు ముత్తమ్మ మూడు వేలు ఇస్తే చాలు. ఇవే నోట్లు అక్కర్లేదు, ఏవైనా సరే." అర పేజీ కూడా రాలేదు. గురువుగారు చూస్తే ఆయనకు గుండెనొప్పి వచ్చేది. నా సంచిలో ఉన్నవీ, సారు భార్య చేబదులిచ్చినవీ కలిపి ముత్తమ్మ చేతిలో పెట్టాను. పాల్వంచలో మా ఆయన విని "ఎద్దుల కోసం ఆఫీసు తీశావా?" అన్నాడు. అవునన్నాను.

ముత్తమ్మ కాయితం రెండుసార్లు చదివించుకుంది. ఈసారి నాకు బస్సు తొందర లేదు.

"ఖర్సు పెట్టుకోవచ్చు?"

"పెట్టుకోవచ్చు. నీవే."

"పోయేనాడు వేరేయి ఇయ్యొచ్చు?"

"ఏవైనా ఇయ్యొచ్చు."

 తర్వాత అడిగింది, "మరి ఎడ్ల కాయితంల ఎట్ల రాసినవ్? గండ్ల గూడ వేరేయి ఇయ్యొచ్చు అని ఉన్నదా?"

"లేదవ్వా. అండ్ల సదరు ఎడ్లనే అని ఉన్నది."

"అది అట్లనే ఉండనియ్యి" అంది ముత్తమ్మ. "అది మార్వకు."

మర్నాడు ఇద్దరం షావుకారు కొట్టుకు వెళ్లాం. అంగడి రోజు, జనం బాగా ఉన్నారు. షావుకారు డబ్బు తీసుకున్నాడు, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు, లోపలికి కేకేశాడు. రెండు ఎడ్లు వచ్చాయి. ఒకటి గోధుమరంగు పుల్లది, ఎడమ కొమ్ము చివర విరిగింది. అది ముత్తమ్మను చూసి మోర చాచింది. రెండోది తెల్లది. డొక్కలెండి, మెడ మీద కాడి పుండు మానక, నిలబడడానికే కష్టపడుతోంది.

ముత్తమ్మ తెల్లదాని చుట్టూ ఒకసారి తిరిగింది. గంగడోలు ఎత్తి చూసింది. వచ్చి నా పక్కన నిలబడింది.

"ఇది సదరు ఎద్దు గాదు."

షావుకారు నవ్వాడు. "ఏందే ముసల్దానా! నీది తెల్లదే, ఇది తెల్లదే. ఎద్దుకు ఎద్దు ఇస్తున్న గదా. ఏం మేడం, అన్ని ఇస్తే చాలదా? రాతలంతా మామూలే గదా!"

రాతలంతా మామూలే. ఏడాది క్రితం నన్నడిగితే ఆ మాటే నేనూ అనేదాన్ని. గొంతు పెంచి "ఈ కాయితం పట్టుకొని భద్రాచలం గిరిజన ఆఫీసుకు పోతా. ఏజెన్సీల గిర్వీ ఎట్ల పడుతున్నవో అక్కడ చెప్పుదువు గాని" అన్నాను. రాసింది నేనే కాబట్టి నేనూ ఇరుక్కుంటానని అతనికి తెలుసు. నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు ముత్తమ్మ అంగడి జనం వైపు తిరిగింది. ఏడాది కిందట విన్న ముక్కలు, ఒక్కో మాటా తూకం వేసినట్టు, గట్టిగా చెప్పింది.

"సదరు ఎడ్లను బద్రంగ ఉంచుకొని. బాకీ తీర్చిన దినమున. సదరు ఎడ్లనే. వాపసు ఇచ్చువాడను." చెప్పి, తెల్ల ఎద్దు వైపు వేలు చూపించింది. "ఇది సదరు ఎద్దు గాదు. మీరే సూడుండ్రి."

ఎవరో ఒకడు కిసుక్కున నవ్వాడు. తర్వాత పక్కవాడు. ఉప్పు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు "సదరెద్దు ఏదయ్యా షావుకారీ?" అని మొదలుపెట్టారు. అంగడంతా అదే అరుపు. షావుకారు నవ్వు ఆగిపోయింది. కొట్టు మూసుకునే వీల్లేదు, బేరాల రోజు. చివరికి బావమరిది ఊరికి సైకిలు మీద మనిషిని పంపాడు. పొద్దు వాలే వేళకు ముత్తమ్మ తెల్ల ఎద్దు వచ్చింది. బాగానే మేపారు, దాని మీద వాళ్లకు ఆశ పుట్టినట్టుంది.

ఆమె రెండింటినీ పలుపుతాళ్లతో పట్టుకుని నడిపించుకుంటూ బయలుదేరింది. నాలుగు రోజులకు వాన పడింది. నా స్లాబు కిటికీలోంచి చూస్తే ఆమె చేను కనపడేది. దుక్కి మొదలైంది.

ఇదిగో చెల్లెలి కూతురా, నువ్వడిగిన మోడల్ అడుగున పెట్టాను. డబ్బు దగ్గర "నే" తీసేశాను. వస్తువు దగ్గర ఉంచాను. పార్టీ "ఇదేంది?" అని అడిగితే బస్సు పోయినా సరే కూర్చుని చెప్పు. నేను టైపు చేసిన కాయితాలు గంపలకెత్తితే బండి నిండుతుంది. వాటిలో ఒక్కదాన్ని ఆమూలాగ్రం చదివిన మనిషి ముత్తమ్మ ఒక్కతే. ఆమెకు చదువు రాదు.